ఏడాది దాకా కెప్టెన్ లేడు

బంతి గాలిలో ఉండగానే బాలనర్సింహకు తెలిసిపోయింది. కుడివైపు నుంచి అవతలి జట్టువాడు ఎత్తి కొట్టిన బంతి తాపీగా వంపు తిరిగి వస్తోంది. దాని కింద స్టాపర్ రామ్‌చందర్ ఉన్నాడు. మూడడుగుల దూరంలో బ్యాక్ ఎల్లప్ప ఉన్నాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్ళ వెనక నుంచి ఎర్ర జెర్సీవాడొకడు పరుగెత్తుకొస్తున్నాడు. ఆ ముగ్గురినీ ఒక్క చూపులో చూడగలిగినవాడు మైదానం మొత్తం మీద గోల్ కాస్తూ గోలీగా నిలబడ్డ బాలనర్సింహ ఒక్కడే. "రామ్‌చందర్, నీదే" అంటే సరిపోయేది. ఆ మాట గొంతు దాకా వచ్చింది కూడా. వచ్చి, అక్కడే చతికిలబడింది.

ఎల్లప్ప కొడతాడని రామ్‌చందర్ అనుకున్నాడు. రామ్‌చందర్ కొడతాడని ఎల్లప్ప అనుకున్నాడు. ఎర్ర జెర్సీవాడు ఏమీ అనుకోలేదు, తల పెట్టాడు. బాలనర్సింహ ఎడమవైపు దూకాడు, వేళ్ళకు గాలి తగిలింది, బంతి వెళ్ళి వలలో కూర్చుంది.

ఆట అయిపోయాక గోడ నీడలో చేరారు. మాదన్నపేట దాటాక ఉండే ఆ మైదానానికి నాలుగువైపులా రెండు నిలువుల గోడ ఉంది, అందుకే దాన్ని అందరూ గోడల మైదానం అంటారు. క్లబ్బు సెక్రెటరీ గుండయ్య చెమట జెర్సీలు ఒక్కొక్కటే తీసుకుని గోనెసంచిలో కుక్కుతున్నాడు. పత్తర్‌గట్టిలో జరీ అంచుల దుకాణం ఆయనది. గిరాకీతో పట్టుగుడ్డ తడిమినంత మెత్తగా మాట్లాడే మనిషి, ఓడిన రోజు మాత్రం నోటికి హద్దుండదు. ఆ రోజు రామ్‌చందర్ మీద పడ్డాడు. నెత్తి మీదినుంచి బాల్ పోతుంటే చూస్తూ నిలబడ్డావేమని, కళ్ళున్నాయా లేవా అని, పెళ్ళయిన దగ్గర్నుంచి కాళ్ళు బరువెక్కాయా అని అడిగాడు. ఎల్లప్ప మాత్రం, తప్పు ఎక్కడ పడితే తనకేమి, తన నెత్తిన పడలేదు కదా అన్నట్టు మోకాలి మీద మట్టి గోక్కుంటున్నాడు.

 బస్సుల డిపోలో మెకానిక్ పని చేసే రామ్‌చందర్ చేతులకు ఎప్పుడూ ఉండే నల్లటి గ్రీసు గీతలు చెమటలో మెరుస్తున్నాయి. అతను ఒక్కసారి తలెత్తి బాలనర్సింహ వైపు చూశాడు. ఒక్కసారే. బాలనర్సింహ వంగి బూటు లేసు విప్పుకోవడం మొదలుపెట్టాడు. ఆ లేసు అప్పటికే విప్పి ఉంది.

"వచ్చే ఐతారం నువ్వు రాకున్న నడుస్తది," అన్నాడు గుండయ్య రామ్‌చందర్‌తో, సంచి మూతి కడుతూ.

వచ్చే ఆదివారం ఆఖరి ఆట. లాల్‌దర్వాజా ఫ్రెండ్స్ క్లబ్ దాన్ని గెలవక్కర్లేదు, ఓడకుండా ఉంటే చాలు, ఫుట్‌బాల్ లీగు బి డివిజన్‌లో మిగులుతుంది. ఓడితే సి డివిజన్. సి డివిజన్‌కు దిగిన మొహల్లా క్లబ్బులు మళ్ళీ లేవడం ఆ 1974 నాటికి ఎవరూ చూసి ఎరగరు. జెర్సీలు అటక మీదికి పోతాయి, మనుషులు ఎవరి దారిన వాళ్ళు పోతారు.

ఈ జట్టుకు కెప్టెన్ లేడు. దొరక్క కాదు, వీళ్ళే పెట్టుకోలేదు. పది నెలల కిందట కెప్టెన్ కైలాసం కామెర్లతో పోయాడు. పెద్దకర్మ నాడు భోజనాల దగ్గర గుండయ్య కండువాతో కళ్ళు తుడుచుకుని ఒక మాట అన్నాడు: పెద్దదిక్కు పోయిన ఇంట్లో ఏడాది దాకా పండుగ చేసుకోరు, కైలాసం మనింటి పెద్దదిక్కు, సంవత్సరీకం అయ్యేదాకా ఆ జాగాలో ఇంకొకడు నిలబడొద్దు. అందరూ ఏడుస్తూ సరేనన్నారు. హైదరాబాదులో ఎన్ని క్లబ్బులున్నాయో, ఎంతమంది కెప్టెన్లు పోయారో, ఏ క్లబ్బైనా ఇట్లా సూతకం పట్టిందా అంటే చెప్పలేం. లాల్‌దర్వాజా వాళ్ళకు ప్రేమ వస్తే ఆగదు. రెఫరీకి మాత్రం కాగితం మీద కెప్టెన్ పేరు కావాలి కాబట్టి, పేర్ల వరుసలో మొదటి పేరు పక్కన ఆయనే టిక్కు పెట్టుకునేవాడు. ఒకటో నంబరు గోలీది. అట్లా పది నెలలుగా కాగితం మీద కెప్టెన్ బాలనర్సింహే. టాస్‌కు వెళ్ళేవాడు, అవతలివాడే బొమ్మో బొరుసో చెప్పేవాడు, ఇతను తలూపి వచ్చేవాడు.

*

తెల్లవారి బర్రెల కొట్టంలో పని ఎప్పటిలాగే సాగింది. మహంకాళి గుడి వెనక సందులో ఐదు బర్రెలు, వాటి పక్కనే అతని గది. తల్లి బతికుండగా పెళ్ళి మాటలు నడిచాయి. తల్లి పోయాక ఆ మాటలు నడిపేవాళ్ళు లేకపోయారు, ముప్పై నాలుగేళ్ళు వచ్చాయి. దూడను విడిచి, పాలు చేపుకు రాగానే పక్కకు లాగి కట్టి, చెంబు మోకాళ్ళ మధ్య ఇరికించుకుని కూర్చున్నాడు. వేళ్ళు వాటి పని అవే చేస్తున్నాయి. ఈ వేళ్ళ పట్టు చూసే కైలాసం అతన్ని పదకొండేళ్ళ కిందట గోల్‌లో నిలబెట్టాడు, పాలు పిండేవాడి చేతిలోంచి ఏదీ జారదని. పోయేదాకా మైదానంలో కైలాసం ఒక్కడే గొంతు. ఎవడు ఎటు పోవాలో, ఎవడు ఆగాలో, అన్నీ అతనే అరిచేవాడు. ఆట తర్వాత ఇరానీ హోటల్లో బల్ల చుట్టూ కూర్చుంటే అక్కడా అతనే మాట్లాడేవాడు. బాలనర్సింహ చాయ్ సాసర్‌లో పోసుకుని తాగుతూ వినేవాడు. మాట్లాడేవాళ్ళ మధ్య మౌనంగా కూర్చోవడంలో ఒక సుఖం ఉంది. కైలాసం పోయాక హోటల్‌కు పోవడం ఆగింది. ఇప్పుడు గదిలో కూర్చున్నా అదే మౌనం, కానీ ఆ సుఖం లేదు. ఒక్కోనాడు పాలు పోసిన ఇళ్ళలో "ఇంకో పావు పొయ్యి" అన్న మాట తప్ప రోజంతా ఎవరూ అతనితో ఇంకో మాట అనేవారు కాదు.

సైకిల్‌కు క్యాన్లు తగిలించుకుని వరసగా ఇళ్ళకు పోసుకుంటూ రామ్‌చందర్ ఇంటికి వచ్చాడు. ప్రతి సోమవారం పొద్దున రామ్‌చందర్ వేపపుల్ల నములుతూ అరుగు మీద నిలబడి, నిన్నటి ఆట మొదటినుంచి మళ్ళీ మాటల్లో ఆడేవాడు. ఈ సోమవారం అరుగు మీద ఎవరూ లేరు. భార్య ఆండాలు గిన్నె పట్టుకొచ్చింది, పోయించుకుంది, లోపలికి పోయింది. మంగళవారమూ అంతే. లోపల మంచం కిర్రుమన్న శబ్దం వినిపించింది. మనిషి ఇంట్లోనే ఉన్నాడు, బయటికి రావడం లేదు.

బుధవారం ఆండాలు గిన్నె చాపి, ఇవ్వకుండా పట్టుకుంది.

"అన్నా, మీరు ఎనక నిలవడి అన్ని సూస్తరు గద. తప్పు ఈయనదేనా?"

బాలనర్సింహ కొలతతో పాలు ముంచాడు. గిన్నెలో పోశాడు. ఇంకాస్త ముంచి కొసరు పోశాడు, ఎప్పుడూ పోసే కొసరుకు మూడింతలు.  సైకిల్ స్టాండు తీసి సందు మలుపు తిరిగేదాకా వీపు మీద ఆమె చూపు తగులుతూనే ఉంది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నవాడి కంటే హీనం, దొంగతనం పక్కవాడి మీద పడుతుంటే పాలు పోసి తప్పుకున్నాను అనుకున్నాడు. 

గురువారం ఆమె గిన్నె కిందే పెట్టి ఉంచింది. అతను పోయడం చూసి, కొసరుకు కొలత ఎత్తగానే గిన్నె మీద చెయ్యి అడ్డం పెట్టింది.

"మాకు కొసరొద్దన్నా," అంది.

తిట్టినా బాగుండేది. ఆ రోజు మిగిలిన ఇళ్ళలో ఎవరికి ఎంత పోశాడో అతనికే తెలియదు.

*

ఆ సాయంత్రం పత్తర్‌గట్టి వెళ్ళాడు. దుకాణంలో గుండయ్య గోటా అనే జరీ అంచు గజంకట్టెతో కొలుస్తూ, ఇద్దరు బుర్ఖా ఆడవాళ్ళతో ఉర్దూలో బేరమాడుతున్నాడు. బాలనర్సింహ గుమ్మం పక్కన నిలబడ్డాడు. చెప్పాల్సిన మాట దారి పొడవునా లోపల్లోపల చెప్పుకుంటూ వచ్చాడు: ఆ గోల్ నాది, రామ్‌చందర్‌ది కాదు. గిరాకీ పోయాక గుండయ్య చాయ్ తెప్పించాడు. చాయ్ తాగేసరికి నోటికి ఇంకో మాట వచ్చింది. కెప్టెన్‌ను పెడితే బాగుంటుందని, పిలిచేవాడు లేక అందరూ ఒకరి మీద ఒకరు వదిలేస్తున్నారని అన్నాడు. అది నిజమే, కానీ అతను చెప్పడానికి వచ్చిన నిజం అది కాదు.

గుండయ్య గజంకట్టె పక్కన పెట్టాడు. ఇంకా రెండు నెలలే ఉంది కదా అన్నాడు. పెద్దకర్మ నాడు అందరం అనుకున్న మాట అన్నాడు. మొగుడి జాగాలో ఇంకొకడు నిలబడ్డాడని తెలిస్తే కైలాసం భార్య కొమురమ్మ మనసు ఎంత చిన్నబోతుందో ఆలోచించావా అని అడిగాడు.

"వదిన అన్నదా గట్ల?" అన్నాడు బాలనర్సింహ.

గుండయ్య కాసేపు జరీ కండెలు సర్దాడు. "ఆమెను అడుగుడేంది? అడిగితె బాధవడదా?" అన్నాడు.

శుక్రవారం పొద్దున పాలు పోయడం ముగించుకుని బాలనర్సింహ మాదన్నపేట మార్కెట్‌కు పోయాడు. కొమురమ్మ అక్కడ ఆకుకూరలు అమ్ముతోందని విన్నాడే గాని, చూడలేదు. పది నెలల్లో ఒక్కసారీ ఆ ఇంటి వైపు పోలేదు. ఏమని పలకరించాలో తెలియక రేపు, ఎల్లుండి అనుకున్నాడు. మిగిలినవాళ్ళూ అట్లాగే అనుకుని ఉంటారు.

పుంటికూర, పాలకూర, కోతిమీర కట్టలు తడిగోనె మీద పేర్చి కూర్చుంది ఆమె. వచ్చింది అతనేనని నమ్మడానికి ఆమెకు ఒక క్షణం పట్టింది. కూర్చోమని చిన్న పీట తోసింది. అతను కూర్చుని, కట్టల మీద నీళ్ళు చిలకరించే ఆమె చేతి వైపు చూస్తూ, మాటలు కూడబలుక్కుంటూ, సంగతి చెప్పాడు. జట్టు ఓడిపోతోందని, కైలాసం మీది గౌరవంతో ఏడాది దాకా కెప్టెన్ వద్దనుకున్నామని, ఆమె ఒప్పుకుంటే పెట్టుకుంటామని.

కొమురమ్మ చెయ్యి ఆగింది.

"ఎవలడిగిండ్రు నన్ను?" అంది. "పది నెల్లాయె. ఒక్కడన్న నా గడప తొక్కిండా? ఆయన పోయిండు, ఇగ మనతోని పనేమున్నదని ఊకున్నరనుకున్న. మీరేమొ నా పేరు మీద సూతకం పట్టి కూసున్నరా? ఖాళీ పీటకు దండం వెడ్తె ఎవల కడుపు నిండుతది?"

అతను తల దించుకున్నాడు. ఆమె గొంతులో కోపం కంటే ఆశ్చర్యం ఎక్కువ ఉంది. ఇద్దరు గిరాకులు వచ్చి పోయారు. తర్వాత ఆమె కాస్త దగ్గరికి జరిగి, ఇన్నాళ్ళూ చెప్పేవాళ్ళు లేక దాచుకున్నదాన్ని చెప్పే మనిషిలా నెమ్మదిగా అంది.

"నర్సింలూ, ఒక మాట జెప్త, మనసుల వెట్టుకోకు. ఆట అయినంక ఇంటికొచ్చి ఆయన ఏమనేటోడో ఎర్కనా? 'నర్సింలుకు ఎనకకెల్లి అన్ని కనవడ్తయి, వాడు నోరు తెరిస్తె నన్నెవ్వడు సూస్తడు' అని నవ్వేటోడు. మొదట్ల నువ్వు మస్తు ఒర్రెటోనివంట గద. ఆయనే వద్దన్నడంట."

బాలనర్సింహకు గుర్తొచ్చింది. రెండో ఏడు. "ఎడమకు, ఎడమకు" అని తను అరిచిన రోజు కైలాసం వెనక్కి తిరిగి, నవ్వుతూనే, బాల్ నువ్వు పట్టు, మాట నాకిడువు అన్నాడు. బరువు తన మీద వేసుకుంటున్నాడనుకున్నాడు. ప్రేమ అనుకున్నాడు. ఇన్నేళ్ళూ అదే అనుకున్నాడు. ఇప్పుడు కోపం వచ్చింది, కోపం తెచ్చుకోవడానికి ఎదురుగా మనిషి లేడు.

"ఆయన్ని తక్వ జేస్తలేను," అంది కొమురమ్మ. "మంచోడే. కొట్టలే, తిట్టలే. మాట్లాడనియ్యలే, గంతే. ఏం కూర వండాల్నో గుడ ఆయనే జెప్పాలె. పోయినంక ఈ గోనె ముంగట కూసున్ననా, గొంతు లెవ్వలే. రెండు దినాలు కోతిమీర అట్లనే వాడిపోయింది. మూడోనాడు గీ పక్కన కూసునే కాశమ్మ అన్నది, 'అందరు నిన్నే సూస్తున్నరనుకుంటున్నవ్. ఎవ్వలు సూస్తలేరు. ఒర్రు' అని."

అని ఆమె ఉన్నట్టుండి మొహం అటు తిప్పి "పుంటికూరా, పాలకూరా, లేతదమ్మా" అని కేక పెట్టింది. ఆ కేకకు బాలనర్సింహ పీట మీద ఉలిక్కిపడ్డాడు. కైలాసం ఇంట్లో ఎన్నోసార్లు భోంచేశాడు, ఆమె గొంతు ఇంత ఉంటుందని ఇంతవరకు తెలియదు. ముగ్గురు ఆడవాళ్ళు ఆగారు. ఆమె వాళ్ళతో బేరంలో పడింది. అతను లేచి నిలబడి, పోయొస్తనని రెండుసార్లు అన్నాడు. రెండోసారి ఆమెకు వినిపించింది.

*

ఆదివారం గోడల మైదానంలో ఎండ ఇంకా తగ్గలేదు. గుండయ్య జెర్సీలు పంచుతున్నాడు. రామ్‌చందర్ వచ్చాడు. రావద్దన్నా వచ్చాడు. బూట్లు పాత పేపర్లో చుట్టి చంకలో పెట్టుకుని గోడ వారగా, ఎవరితోనూ కలవకుండా నిలబడ్డాడు. చూడ్డానికి వచ్చానన్నట్టు మొహం పెట్టుకున్నాడు గాని, చూడ్డానికి వచ్చేవాడు బూట్లు తెచ్చుకోడు.

బాలనర్సింహ జెర్సీ చేతిలోకి తీసుకున్నాడు, వేసుకోలేదు.  

"గుండన్నా, వదిన దగ్గరికి పోయిన," అన్నాడు. అందరూ తిరిగి చూశారు, అతని గొంతు అందరికీ వినపడేలా రావడమే ఒక వింత. "గా సూతకం ఆమె పట్టలే. మనమే పట్టినం. ఖాళీ పీటకు దండం వెడ్తె ఎవల కడుపు నిండుతదన్నది. ఇంకొకటి. పోయిన ఐతారం గోల్ రామ్‌చందర్‌ది గాదు, నాది. ఎర్ర జెర్సోడు వచ్చుడు నాకు కనవడ్డది. నేను పిలువలే. పిలిస్తె గోల్ గాకపోవు."

 ఎల్లప్పే ముందు నోరు తెరిచాడు. వారం రోజులు ఎందుకు ఊరుకున్నావని నిలదీశాడు, తను కూడా ఊరుకున్న సంగతి మరిచిపోయి. జట్టులో అందరికంటే పెద్దవాడైన ఫార్వర్డ్ బాబురావు, తలకు కట్టుకున్న రుమాలు విప్పి మళ్ళీ కట్టుకుంటూ, తిలాపాపం తలా పిడికెడు, ఇందులో నీది ఒక్కడిదే ఎట్లయితది అన్నాడు. రామ్‌చందర్ గోడ దగ్గర్నుంచి కదల్లేదు. అతని మొహంలో సంతోషం లేదు. వారమంతా మోసిన బరువు ఎవరో దించితే తేలికపడాల్సింది పోయి, ఎందుకు మోయించారన్న కోపమే ముందు వచ్చినట్టుంది. అది న్యాయమే. బాలనర్సింహ ఆ చూపుకు ఈసారి వంగలేదు, లేసు ముట్టుకోలేదు.

గుండయ్య దుకాణదారు. ఒక తప్పుకు ఒక మనిషి బయట కూర్చోవాలని చెప్పాడు, ఆ మాట తిప్పుకోవడం ఆయనకు రాదు.

"అట్లయితె నువ్వు కూసో," అన్నాడు బాలనర్సింహతో. "రామ్‌చందర్, దిగు. అంజన్, గోల్‌ల నిలవడు."

బాలనర్సింహ ఇంత దూరం ఆలోచించలేదు. నిజం చెబితే తిడతారనుకున్నాడు, తీసేస్తారనుకోలేదు. తనది కానట్టు చేతిలో జెర్సీ వైపు చూసి, రెండో గోలీ అంజన్‌కు అందించాడు. ఏడాదికి రెండుసార్లు కూడా దిగని అంజన్ దాన్ని వేడి గిన్నె పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. టాస్‌కు ఎవరు పోవాలన్నది ఇంకా తేలనే లేదు. రెఫరీ విజిల్ ఊది, ఒకటో నంబరు దగ్గర అంజన్ పేరు రాసిన కాగితం చూసి, ఎప్పటిలాగే మొదటి పేరు పక్కన టిక్కు పెట్టుకున్నాడు. అంజన్ కెప్టెనయ్యాడు. ఇంతకు మించిన తమాషా ఆ మైదానంలో ఎన్నడూ జరగలేదు, నవ్వే ఓపిక మాత్రం ఎవరికీ లేదు.

ఆట మొదలైంది. బాలనర్సింహ వెళ్ళి గోల్ వెనక నిలబడ్డాడు. చూపుకు అలవాటైన చోటు అది, వల ఇప్పుడు మొహం ముందు ఉంది, అంతే తేడా. పది నిమిషాలు పళ్ళు బిగబట్టుకుని చూశాడు. ఎల్లప్ప ముందుకు పోయి తిరిగి రావడం లేదు. అతని వెనక ఖాళీలోకి అవతలివాడు జారుకుంటున్నాడు. మళ్ళీ గొంతులో అదే మాట, మళ్ళీ అక్కడే కూర్చోబోయింది.

"ఎల్లప్పా, ఎనక!"

గొంతు మధ్యలో చీలింది. లేత కోడిపుంజు కూతలా ఉందని తనకే అనిపించింది. ఎల్లప్ప గుర్రుగా చూశాడు, చూసి వెనక్కి తిరిగాడు, తిరిగినవాడు బంతికి అడ్డం పడ్డాడు. ఆ తర్వాత బాలనర్సింహ ఆగలేదు. పదకొండేళ్ళు చూసి దాచినవన్నీ ఒక్కసారిగా బయటికి వచ్చాయి. అంజన్, ముందుకు. రామ్‌చందర్, నీ కుడికి. బాబన్నా, దిగు, కిందికి దిగు. అరుస్తుంటే ఛాతీలో ఏదో మూత ఊడినట్టుంది. సగం ఆట ముగిసేసరికి ఎవరికీ గోల్ లేదు.

రెండో సగంలో పావుగంట కూడా కాలేదు, లైన్స్‌మన్ జెండా ఊపాడు. రెఫరీ ఆట ఆపి గోల్ వెనక్కి వచ్చాడు.

"మియా, బాహర్ సే ఖిలానా నక్కో," అన్నాడు. "చలో, గేట్ కే బాహర్."

బయటినుంచి ఆడించకూడదన్నది రూలు. రూలు రూలే. గుండయ్య రెఫరీని బతిమాలాడు, లాభం లేకపోయింది. గీత పక్కనుంచి గేటు వైపు నడుస్తుంటే రామ్‌చందర్ త్రో కోసం దగ్గరికి వచ్చాడు. బంతి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు, అతని వైపు చూడలేదు.

బాలనర్సింహ ఆగకుండానే అన్నాడు, "నీకు గుడ కనవడ్తది. ఒర్రు. ఎవ్వలు సూస్తలేరు."

*

గేటు బయట రోడ్డు ఖాళీగా ఉంది. గోడకు ఆనించిన తన సైకిల్, అవతల చెట్టు కింద రిక్షాలో ముడుచుకుని పడుకున్న రిక్షావాలా, ఇంకేమీ లేవు. బాలనర్సింహ గోడకు వీపు ఆనించి కూర్చున్నాడు. రెండు నిలువుల గోడ, అవతల ఏం జరుగుతోందో కనిపించే దారి లేదు. బంతి తన్నిన చప్పుడు వినిపించింది. మళ్ళీ చప్పుడు. పరుగులు. ఒక్క గొంతూ లేదు. ఈ పది నెలల మౌనమే మళ్ళీ వచ్చి ఆ మైదానం మీద పడింది. అయిపోయింది అనుకున్నాడు. ఇంక ఏ నిమిషానైనా అవతలి జట్టు కేరింత వినిపిస్తుంది, సాయంత్రం గదికి పోతాడు, బర్రెలకు కుడితి పెడతాడు, వచ్చే ఆదివారం అనేది ఇక ఉండదు.

"నాదీ!"

రామ్‌చందర్ గొంతు. ధడేలున బంతి ఎగిరిన చప్పుడు. కాసేపటికి మళ్ళీ అదే గొంతు, ఈసారి ఎల్లప్ప మీద, నిలబడి ఏం చూస్తున్నావని. ఎల్లప్ప ఎదురు తిరిగి, ముందు నీ మనిషిని చూసుకో అన్నాడు. పీలగా, భయం భయంగా అంజన్ గొంతు, "వదులుండ్రి, నేను పట్టుకుంట" అంటూ. బాబురావు ఎవరినో బూతులతో పిలుస్తున్నాడు. నలుగురైదుగురు ఒకేసారి అరుస్తున్నారు, తిట్టుకుంటున్నారు. కైలాసం ఉన్న రోజుల్లో కూడా ఆ మైదానంలో ఇన్ని గొంతులు వినిపించలేదు.

బాలనర్సింహకు నవ్వు వచ్చింది.  అన్ని పేర్లూ వినిపిస్తున్నాయి, తన పేరు తప్ప. తను లేకుండానే జరుగుతోంది. జరగాలనే కోరుకున్నాడు, అయినా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పోయినవాడిని కదా మరిచిపోతారు, నేను గోడ ఇవతలే ఉన్నాను కదా అనుకున్నాడు. లేచి సైకిల్ దగ్గరికి పోయాడు. హ్యాండిల్ మీద చెయ్యి వేసి కూడా స్టాండు తీయలేకపోయాడు. ఇంకా గోల్ పడలేదని అతనికి తెలుసు. గోల్ పడితే వచ్చే అరుపు వేరు. ఆట చివరికి వచ్చి ఉంటుంది, ఐదు నిమిషాలో, మూడో.

లోపల ఒక్కసారిగా గందరగోళం రేగింది. "కొట్టు, కొట్టు, అవతలికి కొట్టు" అని రామ్‌చందర్ గొంతు చించుకున్నాడు. బంతి గోడ మీదినుంచి లేచి, ఎండలో ఒక క్షణం ఆగినట్టు కనిపించి, రోడ్డు మీద పడింది. ఒక్క గెంతు గెంతి రిక్షా వైపు దొర్లబోయేలోగా బాలనర్సింహ సైకిల్ వదిలేసి రెండంగల్లో దాన్ని అందుకున్నాడు. చేతుల్లో పడ్డాక ఇక జారలేదు. వెనక సైకిల్ ధబాలున పడింది, రిక్షావాలా లేచి కూర్చున్నాడు.

అవతల విజిల్ మీద విజిల్. మ్యాచ్‌కు ఒక్కటే బంతి, అది బయట ఉంది. రెఫరీ తొందర చేస్తున్నాడు, అవతలి జట్టువాళ్ళు బాల్ బాల్ అని గోల పెడుతున్నారు. బాలనర్సింహ విసరడానికి చేతులెత్తాడు. అలవాటు అది, ఎవరి బంతి వాళ్ళకు ఇచ్చేయాలి.

"నర్సన్నా!"

రామ్‌చందర్. గోడకు ఆనుకుని నిలబడి అరుస్తున్నాడు, గొంతు బొంగురుపోయి ఉంది.

"నర్సన్నా, ఆడున్నవా? బాల్ గిట్ట దొరికిందా? నిమ్మలంగ సూడే! ఫికర్ లేదు, నిమ్మలంగ!"

వెంటనే ఎల్లప్ప అందుకున్నాడు, మంచిగా వెతకమని. బాబురావు పగలబడి నవ్వుతూ, మూలలు గుడ చూడమన్నాడు. ముగ్గురూ కలిసి అతని పేరు పెట్టి పిలుస్తున్నారు, గోడ అదిరేలా.

ఎత్తిన చేతులు అట్లాగే ఆగాయి. ఓడకుండా ఉంటే చాలు, బంతి ఎంత ఆలస్యమైతే అంత మేలు. సంగతి అర్థమయ్యేసరికి అతని మొహమంతా వేడెక్కింది. ఇన్నేళ్ళలో పాలలో చుక్క నీళ్ళు కలిపి ఎరగని మనిషి. రిక్షావాలా అతన్నీ, అతని చేతిలో బంతినీ మార్చి మార్చి చూస్తున్నాడు. బాలనర్సింహ బంతిని కడుపుకు హత్తుకున్నాడు, గోడ వైపు తిరిగాడు, ఊపిరి నిండా పీల్చుకుని గొంతెత్తాడు.

"మోరీల వడ్డదీ! ఎతుకుతున్న, జర ఆగుండ్రీ!"

ఆ గోడ పక్కన మోరీ కాదు కదా, చిన్న కాలవ కూడా లేదు.